ఫోన్ ఒకటే, పిల్లలు నలభై మంది

బీఈడీ రెండో ఏడాదిలో 16 వారాల ఇంటర్న్‌షిప్ కోసం బడుల్లో అడుగుపెట్టిన ఛాత్రోపాధ్యాయులు ఈసారి ఈ శీర్షికకు ఎక్కువగా ప్రశ్నలు రాశారు. డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) విద్యార్థులూ ఉన్నారు. అందరి ఇబ్బందీ దాదాపు ఒకటే. కాలేజీ ల్యాబ్‌లో తలా ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్ టూల్స్ నేర్చుకున్నారు. ఇప్పుడు నెట్ వచ్చిపోయే గదిలో, చేతిలో పుస్తకం తప్ప ఏమీ లేని పిల్లల ముందు వాటినెలా వాడాలన్నది ప్రశ్న.

ప్రశ్న: మాకు నేర్పిన క్విజ్ టూల్స్ అన్నీ ప్రతి విద్యార్థి దగ్గరా ఫోన్ ఉంటేనే నడుస్తాయి. నాకిచ్చిన ఏడో తరగతిలో 38 మంది. బడిలోకి ఫోన్ తేనివ్వరు. నా ఫోన్, ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్, అంతే. క్విజ్ ఆలోచన మానుకోవాలా?
— గణితం ఛాత్రోపాధ్యాయిని, నరసరావుపేట

జవాబు: మానుకోనక్కర్లేదు. మీ గదికి సరిపోయే టూల్ ప్లికర్స్. ఇందులో పిల్లల చేతిలో ఉండేది కాగితపు కార్డు మాత్రమే. ప్రతి కార్డు మీదా క్యూఆర్ కోడ్‌లాంటి నలుపు తెలుపు బొమ్మ ఒకటి ఉంటుంది, ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. నాలుగు వైపులా చిన్నచిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి ఉంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోన్ కెమెరాతో గదిని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా చూపిస్తే ఏ నంబరు కార్డు ఏ జవాబు చెప్పిందో ఫోన్‌లో నమోదవుతుంది. చేతులెత్తించినప్పుడు, బాగా చదివే పిల్ల ఎటు ఎత్తితే తక్కినవాళ్లూ అటే ఎత్తుతారు. ఇక్కడ పక్కవారి కార్డు చూసినా వారి జవాబేంటో పోల్చుకోవడం కష్టం.

ముందుగా సైట్‌లో టీచరుగా ఖాతా తెరిచి తరగతిని చేర్చండి. పిల్లల పేర్లు ఎక్కించనవసరం లేదు. కార్డు నంబరూ రోల్ నంబరూ ఒకటే అయ్యేలా పెట్టుకుంటే చాలు. స్టాండర్డ్ సెట్‌లో 40 కార్డులుంటాయి, పేజీకి రెండు చొప్పున 20 పేజీలు. మీ 38 మందికి పోగా రెండు మిగులుతాయి. పల్చటి కాగితమైతే రెండు పీరియడ్లకే నలిగిపోతుంది కాబట్టి అట్ట మీద అంటించండి. మెరిసే లామినేషన్ మాత్రం చేయించకండి. ట్యూబ్‌లైటు వెలుగు దాని మీద పడి కెమెరాకి తెల్లటి మచ్చ తప్ప బొమ్మ కనిపించదు.

స్కాన్ కాకపోతే చాలాసార్లు కారణం వేళ్లే. పిల్లలు కార్డును మధ్యలో పట్టుకుని నల్ల బొమ్మను కప్పేస్తారు. తెల్ల అంచును మాత్రమే పట్టుకోవాలని మొదటి రోజే ఒక ఉత్తుత్తి ప్రశ్న వేసి అలవాటు చేయించండి. మరో కారణం కిటికీ. ఎండ వచ్చే కిటికీ ముందు కూర్చున్న వరస కెమెరాలో నల్లగా పడుతుంది, ఆ కిటికీ తలుపు దగ్గరికి వేయాలి. ఇంకు అయిపోవచ్చిన మెషీన్ మీద తీసిన జిరాక్సు కూడా ఇబ్బందే, నలుపు బూడిదరంగుగా వస్తే కొన్ని కార్డులు అసలు చదవవు. ఇక నెట్ మీ ఫోన్‌కీ కావాలి, ప్రొజెక్టర్‌కి కలిపిన ల్యాప్‌టాప్‌కీ కావాలి. మీ ఫోన్ హాట్‌స్పాటే రెండింటికీ సరిపోతుంది. తెర మీద మాత్రం ఎంతమంది ఏ జవాబు ఇచ్చారన్న గ్రాఫ్ ఒక్కటే చూపించండి, ఏ రోల్ నంబరు తప్పు చేసిందో మీ ఫోన్‌లోనే ఉండనివ్వండి.

ఇదంతా తేలికైన భాగం. కష్టమల్లా ప్రశ్న రాయడంలో ఉంది. తప్పు జవాబుల్లో ఒక్కోటీ పిల్లల బుర్రలో ఉన్న ఒక్కో పొరపాటును పట్టివ్వాలి. దశాంశాల్లో ఒక ఉదాహరణ: ‘వీటిలో పెద్దది ఏది? ఎ) 0.6 బి) 0.415 సి) 0.73 డి) 0.09.’ బి చూపినవాళ్లు చుక్కను మరిచిపోయి 415ను మామూలు సంఖ్యలా చదివారు. ఎ చూపినవాళ్లది ఇంకో దారి: పదోవంతు వందోవంతు కంటే పెద్దది కదా, అందుకే చుక్క తర్వాత తక్కువ అంకెలున్నదే పెద్దదనుకున్నారు. డి చూపినవాళ్లు 9 అనే అంకెను మాత్రమే చూశారు. ముగ్గురికీ కావలసిన వివరణ వేరువేరు. అదే 0.3, 0.27, 0.135 ఇచ్చి అడిగారనుకోండి. ‘తక్కువ అంకెలున్నది పెద్దది’ అనుకునే పిల్లవాడికీ సరైన జవాబే వస్తుంది, వాడికి వచ్చేసిందని మీరు ముందుకు వెళ్లిపోతారు.

గ్రాఫ్ వచ్చాక ఏం చేయాలన్నదానికి హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మన గదుల్లోనూ పనిచేస్తుంది. సరైన జవాబు చెప్పినవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే మీరు వివరించకండి. జవాబు ఏదో చెప్పకుండా, పక్కనున్నవారితో రెండు నిమిషాలు వాదించుకోమని మళ్లీ కార్డులెత్తించండి. 30 లోపే ఉంటే పాఠం మళ్లీ చెప్పాల్సిందే. 70 దాటితే ఒక్క మాట వివరణతో ముందుకెళ్లండి. పీరియడ్‌కి ఇలాంటి ప్రశ్నలు రెండు, మహా అయితే మూడు. పది పెడితే కార్డులు తిప్పడమే ఆటైపోతుంది.

నెట్ అసలు రాకపోతే అదే ప్రశ్నను నల్లబల్ల మీద రాసి, నాలుగు రంగుల కాగితాలు ఇచ్చి, కళ్లు మూసుకుని గుండెకు ఆనించి చూపించమనండి. లెక్క చేత్తో వేసుకోవాలి. ప్రశ్న విలువ మాత్రం ఏమీ తగ్గదు.

ప్రశ్న: పదో తరగతికి విద్యుత్ పాఠంలో ఫెట్ సిమ్యులేషన్ చూపించాను. పిల్లలు కేరింతలు కొట్టారు. మర్నాడు శ్రేణి, సమాంతర సంధానాల తేడా అడిగితే ఒక్కరూ చెప్పలేదు. బ్యాటరీకి మంట అంటుకోవడం మాత్రం అందరికీ గుర్తుంది. ఎక్కడ తప్పు జరిగింది?
— భౌతికశాస్త్రం ఛాత్రోపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: చూపించడం దగ్గరే. ముందు ఊహ రాయించకుండా చూపించింది సినిమా చూసినట్టే ఉంటుంది. ఫెట్ అంటే కంప్యూటర్ తెర మీదే ప్రయోగాలు చేసి చూసే సిమ్యులేషన్లు, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ వారివి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించారు. పిల్లలు తామే మీటలు కదిపి, ఏమవుతుందో చూసి, కారణం వెతుక్కోవాలనే వాటిని అలా తయారు చేశారు.

డీసీ వలయాల సిమ్యులేషన్‌నే తీసుకుందాం. అందులో బ్యాటరీ మామూలుగా 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓమ్‌లు. ఒకే బల్బు పెడితే అమ్మీటర్ 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. ఇక్కడ ఆపండి. ‘ఇదే దారిలో ఇంకో బల్బు కలుపుతున్నాను. మొదటి బల్బు వెలుగు ఏమవుతుంది? అమ్మీటర్‌ను రెండు బల్బుల మధ్య పెడితే ఎంత, రెండో బల్బు తర్వాత పెడితే ఎంత?’ అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా నోటుబుక్కులో ఒక సంఖ్య రాయించండి. ఇది 5 నిమిషాల పని. రెండో చోట తక్కువ రాసినవాళ్లు చాలామంది కనిపిస్తారు. కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చైపోతుందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు కలపండి, రెండు చోట్లా 0.45 వస్తుంది. తను రాసుకున్న సంఖ్య తప్పని కళ్ల ముందే తేలినప్పుడు ‘ఎందుకు’ అనే ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది. సమాంతరానికీ ఇదే వరస: ఒక్కో బల్బులో 0.9, బ్యాటరీ దగ్గర 1.8.

చురుకైన తరగతైతే ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. శ్రేణిలో ప్రవాహం సగమైంది కాబట్టి బల్బు వెలుగూ సగమే తగ్గిందా? సామర్థ్యం ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక్క బల్బు ఉన్నప్పుడు 8.1 వాట్లు, రెండున్నప్పుడు ఒక్కోదానిలో సుమారు 2 వాట్లు, అంటే నాలుగో వంతు. తెర మీద బల్బు అంతగా ఎందుకు మసకబారిందో అప్పుడు అర్థమవుతుంది.

మొదలుపెట్టేముందే చూసుకోవలసింది ఒకటుంది. ఈ సిమ్యులేషన్ తెరవగానే నీలం చుక్కలుగా కదిలేవి ఎలక్ట్రాన్లు. పాఠ్యపుస్తకంలో బాణం గుర్తు సాంప్రదాయ ప్రవాహ దిశలో ఉంటుంది. రెండూ ఎదురెదురు. ఇది ముందే చెప్పకపోతే పుస్తకం తప్పనో సిమ్యులేషన్ తప్పనో పిల్లలు అనుకుంటారు. పక్కనే ఉన్న మీటతో సాంప్రదాయ దిశకు మార్చుకోవచ్చు. మొదట పుస్తకంలోలా చూపించి, తర్వాత ఎలక్ట్రాన్లకు మార్చి తేడా చర్చించండి.

మంట సంగతి: షార్ట్ సర్క్యూట్‌ని పాఠం చివరికి దాచుకోండి, అదే అడగాల్సిన ప్రశ్నగా. మౌస్ మాత్రం మీ చేతిలో కాకుండా ఒక విద్యార్థి చేతిలో పెట్టి, మీరు గది వెనక నిలబడండి. వెనక బెంచీకి తెర మీద అంకెలు కనిపిస్తున్నాయో లేదో కూడా అక్కడి నుంచే తెలుస్తుంది.

ఒక్కో ఫెట్ సిమ్యులేషన్ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. కొన్ని ఫోన్లలో ఆ ఫైలు నొక్కితే సిమ్యులేషన్ బదులు కోడ్ తెరుచుకుంటుంది, అప్పుడు ‘ఓపెన్ విత్’ ఎంచుకుని బ్రౌజర్‌తో తెరిచి చూడండి. చాలా సిమ్యులేషన్లకు తెలుగు రూపం ఉంది, అయితే పదాలు పుస్తకంలోని పరిభాషతో కలుస్తున్నాయో లేదో ముందురోజు చూసుకోండి.

చివరి 10 నిమిషాలు అసలు ఘటాలూ, టార్చి బల్బులూ, తీగలతో అదే వలయం చేయించండి. అమ్మీటర్ తెర మీద వచ్చినంత చక్కటి సంఖ్యలు చూపదు. తంతువు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, తీగ కొసలు వదులుగా ఉంటాయి, ఘటం పాతబడి ఉంటుంది. ఆ తేడాను దాచకండి, పాఠంలో చివరి ప్రశ్న అదే కావాలి.

ప్రశ్న: బడి కంప్యూటర్ ల్యాబ్‌లో గూగుల్ ఫార్మ్స్‌తో తెలుగులో పరీక్ష పెట్టాను. సరిగా రాసినవాళ్లకీ సున్నా పడింది. కొందరికి ఫారం తెరుచుకోలేదు. మా దగ్గర 10 కంప్యూటర్లే ఉన్నాయి.
— డైట్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ‘షార్ట్ ఆన్సర్’ ప్రశ్న పెట్టి ఉంటారు. మీరు ఆన్సర్ కీలో ఇచ్చిన అక్షరాలతో పిల్లల జవాబు అచ్చంగా కలిస్తేనే మార్కు పడుతుంది. మీరు ‘కిరణజన్య సంయోగక్రియ’ అని ఖాళీ వదిలి పెడితే, కలిపి రాసినవారిది తప్పు. ‘రెండు’కీ ‘2’కీ పొత్తు కుదరదు. ఇంకో సంగతి కంటికి కనిపించదు: పొల్లు తర్వాత వత్తు పడకుండా కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి, తెర మీద ఒకేలా కనిపించే పదాలు కంప్యూటర్‌కి వేరువేరు పదాలవుతాయి. ఆన్సర్ కీలో ఒకటికి మించిన జవాబులు చేర్చవచ్చు కాబట్టి ఊహించగలిగిన రూపాలన్నీ ఇవ్వండి. అంతకంటే మంచిది, తెలుగు జవాబులకు బహుళైచ్ఛిక ప్రశ్నలు వాడి, రాయవలసిన జవాబులను కాగితం మీదే రాయించడం. టైపింగ్ వేగానికి మార్కులు పోకూడదు.

ఫారం తెరుచుకోకపోవడానికి కారణం బహుశా ‘లిమిట్ టు 1 రెస్పాన్స్’ ఆన్‌లో ఉండడం. అది ఉంటే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. పిల్లలకు ఖాతాలుండవు, కాబట్టి అది ఆపండి, ఈమెయిల్ సేకరణ కూడా ఆపండి. మొదటి ప్రశ్నగా రోల్ నంబరు పెట్టి, 1 నుంచి తరగతి సంఖ్య వరకు మాత్రమే ఒప్పుకునేలా నియమం పెట్టండి. ఈమెయిల్ ఆపితే ఒక మెలిక ఉంది: మార్కులు తర్వాత విడుదల చేసే వీలు పోతుంది, సబ్మిట్ చేయగానే కనిపిస్తాయి. మొదటి జట్టు వెళ్తూ వెళ్తూ జవాబులు రెండో జట్టుకి చెప్పేస్తుంది. అందుకని సెట్టింగ్స్‌లో ‘కరెక్ట్ ఆన్సర్స్’, ‘మిస్డ్ క్వశ్చన్స్’ రెండూ ఆపేయండి. చర్చ అందరూ రాశాకే.

ఆప్షన్ల వరస మార్చే ‘షఫుల్’ పెట్టేటప్పుడు ‘పైవన్నీ’ అనే ఆప్షన్ ఉన్న ప్రశ్నను వదిలేయండి. లేకపోతే ‘పైవన్నీ’ మొదటి వరసలోకి వస్తుంది, దాని పైన ఏమీ ఉండదు.

పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు డీటీపీ ఫాంట్లు) ఉంటే నేరుగా అతికించకండి, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వత్తులు, అరసున్నలు ఒక్కొక్కటీ చదివి సరిచూసుకోవాలి. నాలుగు పేజీల పత్రాన్ని మార్చి సరిచూసే బదులు ఫోన్‌లోని గూగుల్ కీబోర్డు జీబోర్డులో మాటతో టైప్ చేయడమే చాలాసార్లు త్వరగా అవుతుంది.

పది కంప్యూటర్లకి తరగతిని పది జట్లు చేయకండి. నలుగురిలో ఒకరు టైప్ చేస్తే ముగ్గురు చూస్తూ కూర్చుంటారు. సగం మందికి కాగితం పని ఇచ్చి, మిగిలిన సగాన్ని ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టి, 20 నిమిషాలకు మార్చండి.

ప్రశ్న: బడిలో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. నా ల్యాప్‌టాప్ కలిపితే బొమ్మ వస్తోంది, వేలితో తాకితే కదలడం లేదు.
— ఛాత్రోపాధ్యాయిని, ఏలూరు

జవాబు: హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనూ శబ్దాన్నీ మాత్రమే తీసుకెళ్తుంది. మీ వేలి స్పర్శ వెనక్కి ల్యాప్‌టాప్‌కి రావాలంటే ప్యానెల్ మీద ‘టచ్’ అని రాసి ఉన్న యూఎస్‌బీ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకో తీగ కావాలి. దాని ఒక కొస సాధారణంగా చదరంగా ఉంటుంది, ప్రింటర్ తీగలాంటిది. బొమ్మే రాకపోతే విండోస్ కీతో పాటు పి నొక్కి ‘డూప్లికేట్’ ఎంచుకోండి. ప్యానెల్‌లోని బ్రౌజర్‌లో మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే వెళ్లేముందు తప్పక లాగౌట్ చేయండి. మర్నాడు పిల్లల ముందు తెరుచుకునేది మీ మెయిలే.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే వీడియో రావడం లేదు.
— ఛాత్రోపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: 2017లో మొదలైన ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షా కోసం వేసిన కోడ్‌లవి. దీక్షా యాప్ తెరిచి, దానిలోని స్కానర్‌తోనే చదివించండి. కోడ్ చిరిగినా మరకపడినా ఇబ్బంది లేదు, దాని కింద అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ముద్రించి ఉంటాయి, వాటిని టైప్ చేసినా చాలు. యాప్‌లో మీ బోర్డు, మాధ్యమం, తరగతి సరిగా ఎంచుకున్నారో చూడండి. ముందురోజు ఇంట్లో డౌన్‌లోడ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఆడించి చూడండి. అప్పుడు ఆడితే బడిలోనూ ఆడుతుంది. వీడియో మొత్తం వేయవద్దు. మీ ప్రశ్నకు జవాబున్న రెండు మూడు నిమిషాలను నిమిషం, సెకను సహా రాసుకుని అంతే చూపించండి.

ప్రశ్న: పిల్లలు టూల్స్ వాడుతున్న ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవచ్చా? కొన్ని టూల్స్‌కి పిల్లల పేరుతో ఖాతాలు తెరవాలంటున్నాయి.
— ఛాత్రోపాధ్యాయిని, అనంతపురం

జవాబు: పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. రికార్డు కోసం ఫొటో తప్పనిసరైతే ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పిల్లల వెనక నుంచి, తెర కనిపించేలా తీయండి. ఖాతా అడిగే టూల్‌ని వదిలేసి, టీచరు ఖాతా ఒక్కటే చాలన్న టూల్‌ని ఎంచుకోండి. పుట్టిన సంవత్సరం మార్చి పిల్లల చేత ఖాతా తెరిపించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అబద్ధం చెప్పి లోపలికి వెళ్లవచ్చని మొదట నేర్పింది టీచరే అవుతారు.

ప్రశ్న: పాఠ్య ప్రణాళికలో టీఎల్ఎం (బోధన, అభ్యసన సామగ్రి) దగ్గర ‘ఫెట్, ప్లికర్స్’ అని రాస్తే పర్యవేక్షకులు కొట్టేశారు. ఇంకేం రాయాలి?
— ఛాత్రోపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: వారు కొట్టేయడం సబబే. ఆ రెండు పేర్లు చదివితే పాఠంలో వాటి పనేంటో తెలియదు. మిశ్రా, కోహ్లర్ 2006లో వివరించిన టీప్యాక్ చట్రాన్ని పరీక్షకు చదివే ఉంటారు. విషయం, బోధన పద్ధతి, సాంకేతికత మూడూ ఒకచోట కలవాలన్నది దాని సారం. దాన్ని ప్రణాళికలోకి దించాలంటే నాలుగు సంగతులు ఒకే పేరాలో రాయండి. ఆ టూల్ లేకుండా పిల్లలు చూడలేనిది ఏమిటి, దాన్ని తెరిచేముందు పిల్లలు ఏం రాస్తారు, ఎన్నో నిమిషంలో తెరిచి ఎన్నో నిమిషంలో మూసేస్తారు, కరెంటు పోతే ఏం చేస్తారు.

ఒక నమూనా: ‘తీగలో ప్రవాహం కంటికి కనిపించదు కాబట్టి సిమ్యులేషన్. 10వ నిమిషం దాకా ఊహలు నోటుబుక్కులో. 10 నుంచి 22 వరకు తెర మీద పరీక్షించడం, మౌస్ విద్యార్థి చేతిలో. 22 తర్వాత తెర ఆపి, జట్లుగా అసలు పరికరాలతో వలయం. విద్యుత్ లేకపోతే ముందే ముద్రించి ఉంచిన మూడు స్క్రీన్‌షాట్లతో అదే చర్చ.’

సిమ్యులేషన్ తెరిచేముందు రాసిన అంచనా వేరుగా, చూశాక జవాబు వేరుగా ఉన్న ముగ్గురు పిల్లల కాగితాలను, పేర్లు కొట్టేసి, ఆ పేరా కిందే అతికించండి.